తల ఏ దిక్కున పెట్టాలె

నా సర్వీసంతా బావులు, కల్వర్టులు, బడి గదులు కట్టించడంతోనే గడిచింది. వాటిలో సగం నా కళ్ల ముందే కూలిపోయాయి. దానికి నాకు పెద్ద బాధ లేదు, వాటి గురించి అడిగేవాళ్లూ లేరు. ఊళ్లలో తిరిగే ఉద్యోగాలలో కొత్తగా చేరిన పిల్లలు మాత్రం అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, కొట్లాటలు జరిగిన ఊరికి పోతే ఎట్లా మసలుకోవాలి, ఏం అడగాలి, ఏం అడగకూడదు అని అడుగుతుంటారు. జవాబు తెలియక నేను ఈ ఒక్క సంగతి చెప్తాను. విన్నాక వాళ్లు వచ్చినప్పటికంటే ఎక్కువ అయోమయంలో పడి లేచిపోతారు. నేనింకా అందులోనే ఉన్నాను కాబట్టి వాళ్లను తప్పుపట్టను.

హైదరాబాద్ రాష్ట్రం పోయి ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటి వేసవి అది. నేను ఆదిలాబాద్ జిల్లాలో, లక్సెట్టిపేట దిక్కు ఒక బ్లాకులో ఓవర్‌సీరును. మాది సుల్తానాబాద్. గోదారి దాటి ఉద్యోగం చేస్తున్నానంటే మా అవ్వ దృష్టిలో నేను పరదేశం పోయినట్టే. మా బ్లాకు ఆఫీసరు హైదరాబాదులో ఉర్దూ చదువు చదివిన పెద్దమనిషి. ఆంధ్రా నుంచి బదిలీ మీద వచ్చిన కుర్ర గ్రామసేవక్ ఒకతను ఉండేవాడు. అతని మాట మా జనానికి సగమే అర్థమయ్యేది, మా జనం మాట అతనికి సగమే అర్థమయ్యేది. మధ్యలో నేను. నాకు ఇద్దరి మాటలూ పూర్తిగా అర్థమవుతాయని ఆ రోజుల్లో నా నమ్మకం.

ఊరు చెన్నూరు పోయే బాటలో ఉండేది. పేరు చెప్పను. మంచినీళ్లకు ఆడవాళ్లు వాగుకు పోయి, ఇసుకలో చెలిమెలు తీసి, గురిగితో తోడి కుండలు నింపుకునేవాళ్లు. ఒక కుండ నిండేసరికి నెత్తి మాడిపోయేది. నేను ఊరంతా తిరిగి చూస్తే పాడుబడిన దొర గడీ వెనక పెద్ద మెట్లబాయి కనబడింది. రాతికట్టు ఎక్కడా చెడలేదు. కాకపోతే నిండా పూడిక, పైన తుమ్మకంప. కొత్త బావి తవ్వడం కంటే దీని పూడిక తీయించడం ఎంతో సులువు. ఇంత తెలివైన ఆలోచన ఇన్నేళ్లుగా ఎవరికీ రాలేదే అని నన్ను నేనే మెచ్చుకున్నాను.

బడి ముందర ఊరివాళ్లను కూచోబెట్టి చెప్పాను. చివరికి ఊరి పెత్తనం చేసే పోలీస్ పటేల్ తల ఊపి, "మీ దయ" అన్నాడు. మా దిక్కు "మీ దయ" అంటే సరేనని కాదు, వద్దని కూడా కాదు. అది నాకు తెలియాల్సిన సంగతే. కానీ పని దొరికిన ఓవర్‌సీరుకు చెవులు సగమే పనిచేస్తాయి.

అసలు సంగతి గ్రామసేవక్ చెలిమెల దగ్గర విని వచ్చాడు. తొమ్మిదేళ్ల కింద, హైదరాబాద్ రాజ్యం యూనియన్‌లో కలిసినప్పటి గడబిడ రోజుల్లో ఆ ఊరు రెండుసార్లు దెబ్బ తిన్నది. మొదట, గడీలో తుపాకులతో దిగినవాళ్లు దొరల మీద తిరగబడ్డ సంఘంలో తిరిగే పిల్లలను పట్టుకుపోయారు. ఆ తర్వాత యూనియన్ పటాలాలు వచ్చిన వారంలో గడీవాళ్లు పారిపోతే, వాళ్ల దగ్గర పనిచేసి వెనక మిగిలినవాళ్లను ఊరివాళ్లు వెతికారు. ఈ రెంటిలో ఏదో ఒకసారి ఒక మనిషి ఆ బావిలో పడ్డాడు. ఎప్పుడు, ఎవరు అన్నది మాత్రం ఎవరిని అడుగుతామన్నదాన్ని బట్టి ఉండేది. గొల్లవాడలో అడిగితే గడీలో వంట చేసిన దూదేకుల పిలగాడన్నారు. దూదేకుల ఇళ్ల దగ్గర అడిగితే సంఘంలో తిరిగిన గొల్ల పిలగాడన్నారు. కొట్లాట జరిగిన ఊళ్లో ఎవరికి వాళ్లు మా మనిషే పోయాడంటారని నేను అనుకునేవాణ్ణి. ఇక్కడ తమవాడని ఎవరూ అనలేదు. ఆ ఇద్దరు పిల్లలూ ఊళ్లో లేరు. ఇద్దరి తల్లులూ ఉన్నారు.

మేము బడి వసారాలో మకాం పెట్టాము. మర్నాడు పొద్దున్నే దూదేకుల పిలగాడి తల్లి, దూదేకుల అవ్వ, వచ్చింది. దూది ఏకే ఇల్లు కాబట్టి ఆమె కొంగు మీద ఎప్పుడూ దూది పోగులుండేవి. గోడకు ఆనుకుని నిలబడి, చెప్పాల్సింది దారిలోనే కూడబెట్టుకుని వచ్చినట్టు చెప్పింది.

"బాయి తీయుండ్రి సారూ. ఉంటె మట్టి జేసుకుంట. లేకుంటె ఎదురుసూస్త. గిట్ల నడిమిట్ల ఉండలేను."

ఆమె పోయిన కాసేపటికే గొల్ల అవ్వ వచ్చింది, వెనక కోడలు కుండతో. ఆ బావిలో ఎవరూ లేరని, తన కొడుకు బొంబాయి మిల్లులో ఉన్నాడని, ఆ పక్కనే ఉన్న భివండి నుంచి వచ్చిన ఒక పద్మశాలీ ఆయన వాణ్ణి కళ్లారా చూశాడని ఆమె నాకు చెప్పింది. లేని మనిషి కోసం తవ్వడమంటే ఉన్న మనిషికి కీడు చేయడమని కూడా అంది. కోడలి చేతికి గాజులు, నొసట బొట్టు ఉన్నాయి. అత్త మాట్లాడినంతసేపూ ఆ అమ్మాయి కుండ మూతి చూస్తూ నిలబడింది.

రెండు రోజుల తర్వాత వాగు దగ్గర ఆ కోడలే నన్ను ఆపింది. చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, బావి తీయించమంది. తనను అడిగేవాళ్లు ఉన్నారని, గొల్లల్లో మారుమనువు తప్పు కాదని, కానీ మొగుడు బొంబాయిలో ఉన్నదానికి మారుమనువు ఎవరు చేస్తారని అడిగింది. అంత మాట అన్నందుకు సిగ్గుపడి ముఖం పక్కకు తిప్పుకుంది.

"మా అత్త మంచిది సారూ. గదే నా పరేషాని," అని కుండ ఎత్తుకుని పోయింది.

ఒకామెకు బావి తెరవాలి, ఒకామెకు మూయాలి, ఇంకొకామెకు తెరిచి, లోపల ఉన్నది తన మొగుడే కావాలి. మేము నీళ్ల కోసం వచ్చామని అనుకున్నాము. ఊరు మాత్రం మమ్మల్ని వేరే దేనికో వచ్చినవాళ్లని అనుకుంది. గ్రామసేవక్‌తో ఇదంతా మాట్లాడితే అతను, ముగ్గురిలో ఎవరి మాట వినాలో ట్రైనింగులో చెప్పలేదండీ అన్నాడు. తమాషాకు అన్న మాట కాదు.

నేను సైకిల్ తీసి బ్లాకు ఆఫీసుకు పోయాను. ఆఫీసరు అంతా విన్నారు. ఆయన ఎప్పుడూ ఎదుటివాడి మాట పూర్తయ్యేదాకా చాయ్ ముట్టుకునేవారు కాదు.

"ఊరికి నీళ్లు గావాల్నా, వద్దా? గది సోంచాయించు. మిగతది నీ పని గాదు," అన్నారు.

సరేనని గడప దాకా వచ్చాను. ఆయన మళ్లీ పిలిచారు. కిటికీలోంచి చూస్తూ, "జర ఆహిస్తా తీయించు," అన్నారు. మెల్లగా తీయించమంటే ఏమిటో, తీస్తే మెల్లగా ఏమవుతుందో ఆయన చెప్పలేదు, నేను అడగలేదు. ఆయన బంధువుల్లోనూ ఆ గడబిడ ఏడు ఇల్లు విడిచిపోయి తిరిగిరానివాళ్లు ఉన్నారని ఆఫీసులో అనుకునేవాళ్లు. అది నిజమో కాదో కూడా నాకు తెలియదు.

పూడిక తీయడానికి వేరే తాలూకా నుంచి ఒడ్డెర మేస్త్రిని, అతని మనుషులను పిలిపించాను. ఊరివాళ్లు ఎవరూ కూలికి రాలేదు. కంప కొట్టేశారు, మోట కట్టి మురికినీళ్లు తోడేశారు, తర్వాత గంపలతో మన్ను పైకి మోశారు. పగిలిన కుండలు వచ్చాయి, ఒక బండిచక్రం వచ్చింది, గడీ తలుపు చెక్క ఒకటి వచ్చింది. ప్రతి గంప కుమ్మరించినప్పుడల్లా దూరంగా నిలబడ్డవాళ్ల తలలు ముందుకు వంగేవి. దూదేకుల అవ్వ ఒక రాయి మీద కూచుని రోజంతా చూసేది. గొల్ల అవ్వ ఆ దిక్కుకే రాలేదు. కానీ రోజూ ఆమె మేకలు ఆ పక్కనే మేసేవి.

ఒక రోజు పొద్దెక్కాక మేస్త్రి ఉత్త చేతులతో మెట్లెక్కి వచ్చి, నన్ను ఒక్కణ్ణే కిందికి రమ్మన్నాడు. దిగాను. అడుగున తడి మన్నులో ఉన్నది మనిషే. ఒక్క మనిషి. సినిమాలో అయితే ఇక్కడ ఒక కడెమో, తాయెత్తో దొరికి కథ తేలిపోయేది. మాకేమీ దొరకలేదు. బట్ట మన్నులో కలిసిపోయింది. ఎముకలకు గొల్ల అనీ దూదేకుల అనీ ఉండదని పుస్తకాల్లో రాస్తారు. అది గొప్ప మాట అని నేనూ అనుకున్నవాణ్ణే. ఆ అడుగున నిలబడి చూస్తే, అంతకంటే ఘోరం ఇంకోటి లేదనిపించింది.

పైకి వచ్చేసరికి సంగతి పాకిపోయింది. పోలీస్ పటేల్ పరుగున వచ్చి, ఠాణా దాకా ఎందుకు, చీకటి పడకముందే వాగు ఒడ్డున పూడ్చేద్దామన్నాడు. ఊళ్లో మళ్లీ పోలీసు క్యాంపు పడితే జనం తట్టుకోలేరన్నాడు. ఆ మాట అబద్ధం కాదు. జనం ముఖాలు కూడా అదే చెప్తున్నాయి. కానీ అతని తొందర నాకు నచ్చలేదు. గడీ నడిచిన రోజుల్లోనూ అతనే పోలీస్ పటేల్.

"దాచిపెట్టడానికి మనమెవరమండీ? చెప్పి తీరాలి," అన్నాడు గ్రామసేవక్.

నాకు ఇద్దరి మాటా సరైందే అనిపించింది. చెప్తే భయపడినవాళ్లు ఇంకా భయపడతారు. చెప్పకపోతే భయపెట్టినవాళ్లు చల్లగా నిద్రపోతారు. అన్నీ తూచి తేల్చుకున్నానని చెప్పను. ఆ చోట నిలబడలేక సైకిల్ ఎక్కాను, సైకిల్ ఠాణాకు పోయింది.

జమాదారు విని విసుక్కున్నాడు. అప్పటి సంగతులన్నీ పైవాళ్లు మూసేశారని, మూసినదాన్ని తవ్వే పని బ్లాకువాళ్లకెందుకని అడిగాడు. అయినా ఒక జవానును వెంటబెట్టుకుని వచ్చాడు. బావిలోకి దిగలేదు. ఎముకలను గంపలో పైకి తెప్పించి, ఎవరి మనిషో చెప్పమని ఊరిని అడిగాడు. ఊరు రెండుగా చీలి దారి ఇచ్చింది. ఒక దిక్కు నుంచి దూదేకుల అవ్వ, ఇంకో దిక్కు నుంచి గొల్ల అవ్వ వచ్చారు.

దూదేకుల అవ్వ మోకాళ్ల మీద కూచుంది. చాలాసేపు చూసింది. ఇన్నాళ్లుగా బావి తీయమన్నది ఆమె. ఇప్పుడు ఏడుస్తుందని నేను అనుకున్నాను. ఆమె లేచి నిలబడి, "మావోడు గాదు. మావోడు పొడుగు," అంది.

గొల్ల అవ్వ అప్పుడు గంప ముందు కూచుంది. కొంగు తడిపి, పుర్రె నొసటి మీది మన్ను తుడిచింది. కంటి గుంతల్లో, చెంపల పక్కన, పిల్లవాడికి నీళ్లు పోసి తుడిచినట్టే మెల్లగా తుడిచింది. జమాదారు కూడా టోపీ తీశాడు. అంతా తుడిచాక ఆమె తల ఎత్తింది.

"మావోడు గాదు. మావోడు బొంబాయిల ఉన్నడు. గీ పిలగాడు నీ కొడుకే అక్కా. తీస్కపో."

"కాదు చెల్లె. నీ కొడుకే. నువ్వే తీస్కపో."

కొట్లాట కాదది. గొంతు పెంచలేదు, తిట్టుకోలేదు. పెళ్లిలో చివరి విస్తరి కాడ నువ్వు కూచో అంటే నువ్వు కూచో అన్నట్టుంది వాళ్ల తీరు. కన్నబిడ్డ బతికున్నాడన్న ఆశ వదలలేక అలా అన్నారా? ఎదుటి తల్లికి మట్టి చేసుకునే భాగ్యమన్నా దక్కనీ అని అన్నారా? నాకు అప్పుడు తెలియలేదు. ఇన్నేళ్లు ఆలోచించినా తెలియలేదు. ఒకరోజు మొదటిది అనిపిస్తుంది, ఇంకోరోజు రెండోది. రెండూ ఒకటేనేమో అని కూడా అనిపిస్తుంది, కానీ అది నాకు పూర్తిగా అర్థం కాదు.

జమాదారుకు మాత్రం బరువు దిగింది. ఎవరూ మావాడనలేదు కాబట్టి అడిగేవాళ్లు లేని శవమని, మట్టి చేయించే పూచీ సర్కారుదని చెప్పి నా వైపు చూశాడు. ఆ సాయంత్రం ఆ ఊళ్లో సర్కారంటే నేనే.

వాగు ఒడ్డున గట్టు మీద గుంత తీశారు. గొల్లల్లోనూ మట్టి చేస్తారు, దూదేకులవాళ్లలోనూ మట్టే చేస్తారు కాబట్టి చిక్కు లేదనుకున్నాను. మేస్త్రి గంప పట్టుకుని గుంతలోకి దిగి, పైకి చూసి అడిగాడు.

"సారూ, తలకాయ ఏ దిక్కున పెట్టాలె?"

గొల్లలు దక్షిణానికి తల పెడతారు. దూదేకులవాళ్లు ఉత్తరానికి తల పెట్టి, ముఖం పడమటికి తిప్పుతారు. ఊరంతా నా ముఖం చూస్తోంది. ఏ ఊళ్లో, ఏ వేళప్పుడైనా కళ్లు మూసుకుని ఉత్తరం చూపించగలవాణ్ణి. ఆ రోజు మాత్రం గ్రామసేవక్ వైపు చూశాను, అతను నా వైపే చూస్తున్నాడు.

"ఉత్తరానికి పెట్టు," అంది గొల్ల అవ్వ.

"దక్షిణానికి పెట్టు," అంది దూదేకుల అవ్వ.

ఒకరి ఆచారం ఒకరు చెప్పారు. తమ మాట మీద తాము నిలబడ్డారు అనవచ్చు. మేస్త్రి చేతిలో గంప బరువెక్కుతోంది. ఈలోపు గొల్ల అవ్వ కోడలు ఇంటి దిక్కు నుంచి గబగబా నడిచి వచ్చింది. చేతుల్లో మడిచిన గొంగడి ఉంది. కొడుకు వస్తే కప్పుకోవడానికని అత్త ఇన్నేళ్లూ వేపాకు వేసి దాచిన గొంగడి అని తర్వాత తెలిసింది. ఆమె ఎవరినీ అడగలేదు. గుంత అంచున గొంగడి పరిచి, మేస్త్రి చేతిలోని గంప అందుకుని ఎముకలను అందులో పెట్టింది.

"గది వానిది," అంది గొల్ల అవ్వ. ఆపడానికి చెయ్యి ముందుకు వచ్చింది. ఆ చెయ్యి గొంగడి అంచు మీద ఆగింది. కాసేపటికి ఆమె కూడా వంగి, తన వైపు అంచు పట్టుకుని మడిచింది. ఇద్దరూ కలిసి నాలుగు కొసలూ ముడివేశారు. మూటకు తల ఒక దిక్కు, కాళ్లు ఒక దిక్కు లేవు. మేస్త్రి దాన్ని గుంత నడుమ దించాడు. దిక్కు తగువు తీర్చడానికే ఆ అమ్మాయి గొంగడి తెచ్చిందో, వీడు నా మొగుడే అని ఊరికి చెప్పడానికి తెచ్చిందో, ఎవరైతేనేం ఒంటి మీద బట్ట ఉండాలని తెచ్చిందో నేను అడగలేదు. మొదటి పిడికెడు మన్ను దూదేకుల అవ్వ వేసింది. తర్వాత గొల్ల అవ్వ. తర్వాత అందరం. పోలీస్ పటేల్ దూరం నుంచే తిరిగిపోయాడు. దాన్ని బట్టి అతని మీద ఏమైనా అనుకోవచ్చు, ఏమీ అనుకోకపోవచ్చు.

పని పూర్తయింది. బావిలో నీళ్లు ఊరాయి, తేటగా, తియ్యగా. పైనుంచి పెద్దలు వచ్చి చూసి మెచ్చుకుని పోయారు. ఊళ్లో ఒక్కరు ఆ నీళ్లు ముట్టలేదు. ఆడవాళ్లు బావి పక్కనుంచే కుండలతో వాగుకు పోయేవాళ్లు. మనం మంచి చేశామా, చెడు చేశామా అని గ్రామసేవక్ నన్ను మాటిమాటికీ అడిగేవాడు. చివరికి ఆ ప్రశ్న భరించలేక నేను అతనితో భోజనం మానేశాను. ఏడాది తిరగకముందే అతను బదిలీ పెట్టుకుని వాళ్ల జిల్లాకు పోయాడు. ఆ తర్వాతి ఎండాకాలం వాగులో చెలిమెలు కూడా ఎండిపోయాక జనం బావి నీళ్లు తాగారట. ఎవరు మొదట తోడారో ఎవరూ చెప్పలేదు.

దూదేకుల అవ్వ ప్రతి గురువారం ఆ మట్టి దగ్గర ఊదు వేసేది. నీ కొడుకు కాదంటివి కదా అవ్వా అని ఒకసారి అడిగాను. అడగకుండా ఉండాల్సింది, కానీ నాకు ఆగలేదు.

"మావోనికి గూడ యాడనో ఎవలో ఒకలు ఏస్తుండొచ్చు గద సారూ," అంది.

బడి ప్రహరీ గోడ పని చూడడానికి నేను ఆ ఊరికి మళ్లీ పోయినప్పుడు గొల్లవాడలో పందిరి వేసి ఉంది. గొల్ల అవ్వ కోడలికి మారుమనువు. పిల్లగాడు చెన్నూరు దిక్కువాడు, మంద ఉన్నవాడు. ముందుండి అన్నీ చేస్తున్నది అత్తే. కోడలికి కొత్త చీర తనే కట్టించింది, అప్పగించేటప్పుడు పక్కన నిలబడింది కూడా తనే. కొడుకు లేడని ఒప్పుకున్నదేమో, పాపం, అనుకుని పక్కకు పోయి పలకరించాను. కొడుకు సంగతి ఎత్తగానే ఆమె ఎప్పటిలాగే, వాడు బొంబాయిలో ఉన్నాడని, ఈ మధ్య మిల్లు మారాడట అని చెప్పింది.

నాకు మతి పోయింది. మరి ఈ పెళ్లి ఏమిటని, రేపు వాడు నిజంగానే వచ్చి వాకిట్లో నిలబడితే ఏమవుతుందని అడిగాను. ఆమె నా వైపు, ఇంత చదివినవాడికి ఇది కూడా తెలియదా అన్నట్టు చూడలేదు. జాలిగా కూడా చూడలేదు. పందిట్లో కూచున్న కోడలి వైపు చూస్తూ చెప్పింది.

"వస్తె నేను జెప్పుకుంట గద సారూ. నా కొడుకుకు నేను జెప్పుకోనా?"